తొలి షిఫ్టుకు ముందే

రేపు పొద్దున్న షిఫ్టుకు పరవాడలోనో, అచ్యుతాపురంలోనో, పాశమైలారంలోనో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్తగా ఒక కుర్రాడు నిలబడతాడు. పక్క ఊరివాడు కావచ్చు, ఒడిశా నుంచో బీహారు నుంచో రైలెక్కి వచ్చినవాడు కావచ్చు. కాంట్రాక్టరు తరఫు మనిషి అతని ఆధార్ జిరాక్సు తీసుకుంటాడు, గేట్ పాస్ రాయిస్తాడు, ఒక హెల్మెట్ చేతిలో పెడతాడు. కాసేపటికి అతను రియాక్టరు పక్కన హెల్పరుగా పనిలో ఉంటాడు. గేటుకీ రియాక్టరుకీ మధ్య అతనికి ఏం చెప్పారు, ఏం చూపించారు, అతని చేత ఏం చేయించారు? ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

చాలా ఫ్యాక్టరీల్లో ఈ మధ్య భాగానికి ఇండక్షన్ అని పేరు. ఒక గదిలో కొత్తవాళ్లను కూర్చోబెట్టి స్లయిడ్లు వేస్తారు, చివర సంతకాలు తీసుకుంటారు. నేను చూసిన ఒక ఇండక్షన్‌లో క్లాసు సగం కాకముందే సంతకాల పుస్తకం వరసల్లోంచి తిరిగిపోయింది. పరీక్ష కూడా పెట్టారు. జవాబులు బోర్డు మీద రాసే ఉన్నాయి, అందరూ చూసి దించారు, అందరికీ నూటికి నూరు వచ్చాయి. బయటికొచ్చాక ఒక హెల్పరును అడిగాను, గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలి తమ్ముడూ అని. గేటు వైపు అన్నాడు. గాలి ఆ గేటు వైపే వీస్తుంటే? అతని దగ్గర జవాబు లేదు. తప్పు అతనిది కాదు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

శిక్షణ ఇవ్వడం యజమాని మంచితనం మీద ఆధారపడిన విషయం అని చాలామంది కార్మికులు అనుకుంటారు. కొందరు యజమానులూ అలాగే అనుకుంటారు. అది చట్టం పెట్టిన బాధ్యత. 1984 డిసెంబరులో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు ఊరి మీద పడ్డాక, మన దేశం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించింది. ఆ సవరణ చదివితే భోపాల్ నుంచి నేర్చుకున్న పాఠాలు ఒక్కొక్క సెక్షన్‌లో కనిపిస్తాయి. కార్మికుల ఆరోగ్యానికీ భద్రతకూ అవసరమైన సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ యజమానే ఇవ్వాలి అన్నారు. ప్రమాదకర ప్రక్రియ నడిచే చోట ఏ రసాయనం వాడుతున్నారో, దానివల్ల ఏం ముప్పో కార్మికులకు మాత్రమే కాదు, చుట్టుపక్కల ఊళ్ల జనానికి కూడా తెలపాలన్నారు. ఇంకో సెక్షన్, 111ఏ, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. భద్రత గురించిన సమాచారం అడిగి తెలుసుకోవడం, ఫ్యాక్టరీలోనే శిక్షణ పొందడం, అక్కడ కుదరకపోతే యజమాని పంపగా బయటి శిక్షణ కేంద్రానికి వెళ్లి నేర్చుకోవడం, ఇవన్నీ కార్మికుడి హక్కులు అని అందులో రాశారు. హక్కు అన్న మాటే వాడారు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం లాంటి 13 చట్టాలను కలిపి చేసిన కోడ్ అది. దానిలో నాకు నచ్చనివి ఉన్నాయి. కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తే ఫ్యాక్టరీ అనే పాత లెక్కను ఇరవై మందికి పెంచడం వాటిలో ఒకటి. చిన్న యూనిట్లలోనే శిక్షణ తక్కువ, అక్కడే నిఘా కూడా తగ్గితే ఎలా? అయితే శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం యజమాని మీద అలాగే ఉంది. భద్రత కోసం చేసే ఏ ఏర్పాటుకూ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు అన్న నిబంధన కూడా ఉంది. బూట్లకని, హెల్మెట్‌కని మొదటి జీతంలో కోత పెట్టే కాంట్రాక్టర్లు ఈ మాట చెవిన వేసుకోవాలి.

కాంట్రాక్టర్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. "వాళ్లు మా మనుషులు కారండీ, కాంట్రాక్టు లేబర్" అనే మాట ప్రమాదం జరిగిన ప్రతిచోటా వినిపిస్తుంది. ఈ వాదన చట్టం ముందు నిలవదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడిని కూడా చేర్చారు. అసలు యజమానికి తెలిసి వచ్చినా, తెలియకుండా వచ్చినా కార్మికుడే అని అందులో స్పష్టంగా రాశారు. పర్మనెంటు ఉద్యోగికి మూడు రోజుల శిక్షణ, కాంట్రాక్టు హెల్పరుకు అరగంట స్లయిడ్లు అని తేడా పెట్టడానికి వీల్లేదు. నిజానికి ప్రమాదానికి ఎవరు దగ్గరగా ఉంటారో చూడండి. రియాక్టరు మ్యాన్‌హోల్ మూత తీసి పొడి పోసేది హెల్పరు. ట్యాంకులో దిగి అడుగున పేరుకున్న మడ్డి ఎత్తేది కాంట్రాక్టు కూలీ. డ్రమ్ములు దొర్లించేది కూడా అతనే. శిక్షణ ఎక్కువ కావాల్సింది అతనికే.

ఇప్పుడు ట్యాంకు గురించి కాస్త నిదానంగా చెబుతాను. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలని నా కోరిక.

2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో ఒక కోళ్ల హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది జులైలో తాడిపత్రి దగ్గర ఒక స్టీల్ ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు పోయారు. ఇలాంటి ప్రమాదాలు జరిగే తీరు ఎప్పుడూ దాదాపు ఒకటే. మొదట ఒకడు దిగుతాడు, పడిపోతాడు. పైన ఉన్నవాడు అది చూసి, అయ్యో అని, ఆలోచించకుండా దిగుతాడు. అతనూ పడిపోతాడు. మూడోవాడు వాళ్లిద్దరి కోసం దిగుతాడు. మొదట పడినవాడికన్నా కాపాడబోయినవాళ్లే ఎక్కువమంది పోయిన ప్రమాదాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు మూర్ఖులు కారు. అన్నో తమ్ముడో తోటి కూలీయో కళ్లముందు పడిపోతే చూస్తూ ఊరుకోలేని మనుషులు. ఆ మంచి మనసే వాళ్ల ప్రాణం తీసింది. దిగకూడదు, దిగకుండానే కాపాడాలి, దానికి పద్ధతి ఇది అని ముందే ఎవరో ఒకరు నేర్పి ఉంటే వాళ్లలో చాలామంది ఇవాళ బతికి ఉండేవారు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకు దిగకూడదో అర్థమవుతుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 శాతానికి తగ్గితే ఆ చోటికి మామూలుగా వెళ్లకూడదు. మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్లలో మంటలు రాకుండా నైట్రోజన్ నింపుతారు. అది నింపగానే ఆక్సిజన్ బయటికి పోతుంది. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. పైగా మన శరీరంలో ఊపిరాడడం లేదు అన్న బాధ పుట్టేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో బొగ్గుపులుసు గాలి పెరిగినందుకు. నైట్రోజన్ నిండిన ట్యాంకులో ఆ గాలి మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి ఉక్కిరిబిక్కిరి కాదు, గాభరా పుట్టదు. ఒకటి రెండు ఊపిర్లు తీసుకోగానే మనిషి కూలిపోతాడు. అరవడానికి కూడా వ్యవధి ఉండదు. "నేను దమ్ము బిగబట్టి దిగి లాగేస్తా" అనుకున్నవాడు ఇక్కడే మోసపోతాడు. బరువెత్తుతూ అంతసేపు దమ్ము బిగబట్టడం ఎవరి తరమూ కాదు.

మురుగు గుంతల్లో వేరే శత్రువు ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన. తక్కువగా ఉన్నప్పుడు ఆ వాసన ముక్కుకు బాగా తెలుస్తుంది. ప్రమాదకరమైన మోతాదుకు పెరిగేసరికి అదే వాయువు ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. "ఇప్పుడు వాసన పోయింది, దిగొచ్చు" అనుకునే క్షణమే అన్నిటికన్నా చెడ్డది. అగ్గిపుల్ల గీసి చూడడం, దీపం దించి చూడడం లాంటి పాత అలవాట్లు కూడా వదిలేయండి. అదే గుంతలో మీథేన్ ఉంటే దీపంతోనే పేలుతుంది. గాలిని కొలవడానికి గ్యాస్ డిటెక్టర్ ఉంది. దాన్ని తాడుకు కట్టి పైనా, నడుమా, అడుగునా మూడుచోట్ల కొలవాలి, ఎందుకంటే కొన్ని వాయువులు పైకి తేలతాయి, కొన్ని అడుగున పేరుకుంటాయి.

ఇదంతా కొత్తగా కనిపెట్టింది కాదు. పాత ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఉండేది. లోపల ప్రమాదకరమైన ఆవిర్లు లేవని అర్హత ఉన్న వ్యక్తి కొలిచి రాతపూర్వకంగా ధ్రువపత్రం ఇవ్వాలి. లేదా దిగే మనిషి శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టుకుని దిగాలి, ఆ బెల్టు తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. ఆ బయట ఉన్న మనిషికి ఇంకో పని పెట్టకూడదు. టీ తేవడానికి పంపకూడదు. అతని పనల్లా చూస్తూ ఉండడం, పిలుస్తూ ఉండడం, పలకకపోతే తాడు లాగి కేక వేయడం. ఎంత గొడవ జరిగినా తాను దిగకపోవడం. శిక్షణలో అతని చేత ఇది చేయించాలి. గట్టు మీద నిలబడి ఈత నేర్చుకోలేం కదా, ఇదీ అంతే. ఖాళీ ట్యాంకు దగ్గర, బొమ్మనో ఇసుక బస్తానో కింద పెట్టి, నిజంగా తాడుతో పైకి లాగించాలి. ఎంత బరువుగా ఉంటుందో, ఎంతమంది కావాలో, మూడు కాళ్ల స్టాండు లేకుండా మ్యాన్‌హోల్‌లోంచి మనిషిని లాగడం ఎంత కష్టమో అప్పుడు గానీ తెలియదు.

డ్రైనేజీ మ్యాన్‌హోళ్ల విషయంలో చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి మరణానికి పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అపార్ట్‌మెంట్ల సంఘాలు, హోటళ్లు, ఆక్వా ప్లాంట్లు, కోళ్లఫారాలు నడిపేవారు దీన్ని గమనించాలి. "రెండు వేలిస్తా, దిగి తీసేయ్" అని ఒక కూలీని పిలిచినప్పుడు ఆ పనికి మీరే యజమానులు.

ఇక సాల్వెంట్ల దగ్గరికి వద్దాం. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీలో సాల్వెంట్ కారి, ఆ ఆవిరి కమ్ముకుని, నిప్పంటుకుని పేలింది. పదిహేడుమంది చనిపోయారు. సాల్వెంట్ అంటే మనకు నీళ్లలాగే కనిపించే ద్రవం. టోలీన్, మిథనాల్, అసిటోన్, ఇలాంటివి. హెల్పర్లకు దీని గురించి ఒక్క విషయం అర్థమయ్యేలా చెబితే సగం శిక్షణ అయినట్టే. మండేది ద్రవం కాదు, దాని మీంచి లేచే ఆవిరి. ఆ ఆవిరి నిప్పంటుకోవడానికి ఎంత వేడి కావాలో తెలుసా? టోలీన్‌కు సుమారు 4 డిగ్రీలు, మిథనాల్‌కు 11 డిగ్రీల దగ్గర. అంటే విశాఖలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా అవి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకుతూ, మెట్లమీంచి కింది అంతస్తుకు జారి, ఎక్కడో దూరాన ఉన్న స్విచ్ బోర్డు దగ్గర నిప్పురవ్వ దొరికితే అక్కడ అంటుకుని వెనక్కి వస్తుంది. కాబట్టి కారింది ఇక్కడ, నిప్పు ఉన్నది అక్కడ, మనకేం అనుకోవడానికి లేదు.

నిప్పురవ్వ అంటే వెల్డింగ్, బీడీ, సెల్‌ఫోను మాత్రమే గుర్తొస్తాయి. ప్లాస్టిక్ గొట్టంలో సాల్వెంట్ వేగంగా పారినా, ప్లాస్టిక్ సంచిలోంచి పొడిని దులిపినా స్థిర విద్యుత్తు పుడుతుంది. చలికాలంలో ఉన్ని స్వెట్టర్ విప్పేటప్పుడు వినిపించే చిటపటలు దానివే. డ్రమ్ముకూ రియాక్టరుకూ మధ్య రాగి తీగ క్లిప్పులు పెట్టి, రెండింటినీ భూమికి కలపడం అందుకే. ఆ క్లిప్పు పెట్టడం అర నిమిషం పని. ఎందుకు పెడుతున్నామో తెలియనివాడికి అది అడ్డంగా కనిపిస్తుంది, తొందరలో వదిలేస్తాడు. తెలిసినవాడు వదలడు. పనివాడు నియమం పాటించడం లేదని విసుక్కునే షిఫ్ట్ ఇన్‌చార్జులను నేను అడిగేది ఒకటే: ఆ నియమానికి కారణం అతనికి ఎప్పుడైనా చెప్పారా?

పొడులు కూడా పేలతాయని చాలామందికి తెలియదు. పాశమైలారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగిన కంపెనీలో తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి. చెక్క గుజ్జులోంచి తీస్తారు, తింటే ఏమీ కాదు. అదే పొడి సన్నటి ధూళిగా గాలిలో లేచి, నిప్పు దొరికితే పేలగలదు. పిండి మిల్లులూ, పంచదార ఫ్యాక్టరీలూ ఇలా పేలిన సందర్భాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. పాశమైలారంలో డ్రయ్యర్ విభాగంలో మొదలైన ఆ ప్రమాదంలో యాభైమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొందరి శరీరాలు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు.

ఇక్కడే భాష ప్రశ్న వస్తుంది. ఫ్యాక్టరీలో నోటీసులు ఇంగ్లీషుతో పాటు అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని పాత చట్టంలోనే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో షెడ్లలో తెలుగు బోర్డు కింద ఒడియా మాట్లాడే మనిషి పనిచేస్తున్నాడు. తెలుగులో పెట్టాం కదా అంటే సరిపోదు. పర్లాకిమిడి నుంచి, గంజాం నుంచి వచ్చినవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఉంటారు, శ్రీకాకుళం వాళ్లలో ఒడియా వచ్చినవాళ్లు ఉంటారు. అలాంటి ఒకరిని ప్రతి షిఫ్టులో గుర్తించి, శిక్షణ ఇచ్చేవాడి పక్కన నిలబెట్టండి. చదువురాని వాళ్లకు బొమ్మలు చాలు అంటారు గానీ, డబ్బా మీద పుర్రె బొమ్మ, మంట బొమ్మ, ఎండిపోయిన చెట్టూ చచ్చిన చేపా ఉన్న బొమ్మ దేనికి గుర్తో కూడా ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పాక, నీకు అర్థమైందా అని అడగకుండా, నువ్వు నాకు చెప్పి చూపించు అని అడగాలి. అర్థమైందా అంటే ఎవరైనా తలూపుతారు. కొత్త చోట, కొత్త మేస్త్రీ ముందు, అర్థం కాలేదని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

చిన్న యజమానులకు రెండు మాటలు. రైస్ మిల్లులో, స్టోన్ క్రషర్‌లో, ఆటోనగర్ వెల్డింగ్ షాపులో సేఫ్టీ ఆఫీసరు ఉండడు, యజమానే ఉంటాడు. తిరిగే బెల్టు దగ్గర చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా ఎంత ప్రమాదమో మీకు తెలుసు, కొత్తగా వచ్చిన ఆమెకు తెలియదు. యంత్రం తిరుగుతుండగా నూనె వేయొద్దు, తుడవొద్దు అని చెప్పండి. మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకున్నాకే చెయ్యి లోపల పెట్టాలి. బాణసంచా తయారీ అయితే ఇంకా జాగ్రత్త. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో పేలుడుకు ఎనిమిదిమంది పోయారు. సీజను వచ్చిందని రోజు కూలీకి పిలిచిన మనిషిని నేరుగా మందు కలిపే చోట కూర్చోబెట్టకండి.

ప్రమాదం జరిగాక ఏం చేయాలన్నది శిక్షణలో ఇంకో భాగం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు దారిలోనే రోడ్ల మీద పడిపోయిన దృశ్యాలు మనమంతా చూశాం. ఆ రాత్రి ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్ ఉండి కూడా మోగకపోవడం యంత్రం లోపం కాదు. ఇప్పుడు నొక్కాలి, నొక్కినందుకు నన్ను ఎవరూ ఏమీ అనరు అన్న నమ్మకం డ్యూటీలో ఉన్నవాడికి ఉండాలి. ఆ నమ్మకం మాక్ డ్రిల్‌లోనే వస్తుంది.

ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో ఉండే ఫ్యాక్టరీలు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలని 1989 నాటి నియమాలు చెబుతున్నాయి. చేస్తున్నారు కూడా. కానీ ఎప్పుడు? మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు, పొద్దున పదకొండు గంటలకు, మేనేజర్లంతా ఉండగా, ఫొటోలు తీసుకుంటూ. వెంకటాపురంలో లీకైంది రాత్రి మూడు గంటల వేళ. అందుకే నా విన్నపం, ఒక డ్రిల్ అయినా నైట్ షిఫ్టులో చేయండి, ఆదివారం రాత్రి చేయండి. ఎవరికీ ముందు చెప్పకండి. ఎవరు సైరన్ దగ్గరికి వెళ్లారో, ఎవరు లెక్క తీసుకున్నారో, కాంట్రాక్టు మనుషుల పేర్లు ఆ లెక్కలో ఉన్నాయో లేదో చూడండి. అసెంబ్లీ పాయింటు దగ్గర తల లెక్క సరిపోకపోతేనే కదా లోపల ఎవరో ఉండిపోయారని తెలిసేది.

ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఫ్యాక్టరీ పైన ఎగిరే విండ్‌సాక్‌లో ఉంది, ఆ చారల గుడ్డ గొట్టంలో. అది ఎటు ఊగుతుందో వాయువు అటు పోతుంది. దానికి అడ్డంగా పక్కకు నడవాలి, తర్వాత గాలి వచ్చే వైపుకు వెళ్లాలి. వాయువుతో పాటు పరిగెత్తితే అది మన వెంటే వస్తుంది. స్టైరీన్ లాంటి బరువైన ఆవిరి అయితే పల్లానికి దిగకూడదు, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని మెరక వైపు వెళ్లాలి. ఈ మాట ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లున్న తల్లులకూ, బడి పిల్లలకూ తెలియాలి. వాళ్లకు చెప్పడం కూడా ఆ ఫ్యాక్టరీ బాధ్యతే.

చివరిగా, శిక్షణలో అందరూ దాటేసే ఒక అంశం. ఇక్కడ ప్రాణాపాయం ఉంది అని తోచినప్పుడు ఆ సంగతి యజమానికి, సూపర్‌వైజరుకు, ఇన్‌స్పెక్టరుకు చెప్పే హక్కు కార్మికుడికి 1987 నుంచీ ఉంది. కొత్త కోడ్‌లోనూ ఉంది. చెప్పిన వెంటనే సరిచేయాల్సిన బాధ్యత యజమానిది. దీన్ని ఇండక్షన్‌లో ఎందుకు చెప్పరు? పని ఆగిపోతుందని భయం. నేను యజమానులను వేడుకుంటున్నాను, మొదటిరోజే మీరు స్వయంగా వచ్చి చెప్పండి, "ఏదైనా తేడాగా అనిపిస్తే ఆపు, నీ కూలీ పోదు" అని. హెల్పరు నోట ఆ మాట రావాలంటే ముందు మీ నోట రావాలి. నిజంగా ఎవరైనా ఆపిన రోజున, అతని అనుమానం తప్పని తేలినా సరే, అందరి ముందు మెచ్చుకోండి. అతన్ని తిడితే ఆ షెడ్డులో మళ్లీ ఎవరూ నోరెత్తరు.

పని చేస్తున్న సోదరులకు, అక్కచెల్లెళ్లకు. శిక్షణ ఇవ్వకుండా సంతకం పెట్టమంటే, శిక్షణ ఎప్పుడండీ అని అడగండి. ఒక్కరే అడగడానికి భయమైతే పదిమంది కలిసి అడగండి. మీ ఫ్యాక్టరీలో సేఫ్టీ కమిటీ ఉంటే అందులో కార్మికుల తరఫున ఎవరున్నారో పేరు కనుక్కోండి. మీరు ముట్టుకునే డ్రమ్ము మీద ఏం పేరు రాసి ఉందో చదివించుకోండి, దాని సేఫ్టీ డేటా షీటులో ఒంటి మీద పడితే ఏం చేయాలి, కళ్లలో పడితే ఏం చేయాలి అన్న రెండు ముక్కలు తెలుగులో చెప్పించుకోండి. షవరు, కళ్లు కడుక్కునే కుళాయి ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని వెళ్లగలిగేలా ఒకసారి నడిచి చూడండి, ఎందుకంటే యాసిడ్ చిందినప్పుడు మీకు కళ్లు కనిపించవు. ఎవరికైనా ప్రమాదం జరిగితే 108కి, మంటలైతే 101కి, ఏదీ గుర్తు లేకపోతే 112కి ఫోన్ చేయండి.

అడిగినా పట్టించుకోకపోతే జిల్లాలోని ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి ఒక కాగితం రాసి పంపండి. ఏ ఫ్యాక్టరీ, ఏ విభాగం, ఏ షిఫ్టు, ఏం లోపం అన్నవి ఉంటే చాలు, తెలుగులోనే రాయండి. పేరు రాస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంటుంది, నాకు తెలుసు. ఫిర్యాదు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఇన్‌స్పెక్టరు బయటపెట్టకూడదని, ఫిర్యాదు వచ్చినందుకే తనిఖీకి వచ్చానని యజమానికి చెప్పకూడదని 1987 సవరణలోనే రాశారు.